మెరుపు తీసిన నేల

ఈ కబురు మొదట నా చెవిన వేసినవాడు షఫీ. బాపట్లలో మా ఇంటి వెనకే కూరగాయల మార్కెట్టు. మదనపల్లె నుంచి టమాటా లారీ తోలుకొచ్చే షఫీ, సరుకు దించేదాకా మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి వెళ్తాడు. పదేళ్ల పరిచయం మాది. ఒకరోజు గ్లాసు కింద పెడుతూ, "అమ్మా, మా ఊర్లో హమాలీలు బంతి తన్నితే నెల జీతం ఇస్తాండారు, తెలుసునా?" అన్నాడు.

"ఎవరిస్తారయ్యా?" అన్నాను నవ్వుతూ.

"లీగు ఇస్తాది. షెడ్డు లోపల ఆడే ఫుట్‌బాల్. టికెట్టు పెట్టి ఆడతాండారు. ఆరు ఊళ్లు జేరినాయి. మా టమాటా మండీలోనే పుట్టింది గదా అది! వచ్చే ఆదివారం కుప్పంలో ఫైనలు. రాండమ్మా, మా ఇంట్లోనే దిగచ్చు."

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. నాలుగో ఏట ఎడమ కాలికి పోలియో వచ్చింది. పోస్టుమాస్టరైన మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయనకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. లెక్క చెప్పాలన్నా పలక మీద మైదానమే గీసేవారు. బంతి ఎంత వాలుగా గోడకు తగిలితే అంతే వాలుగా తిరిగొస్తుందని కోణాలు నేర్పింది ఆ గీతల మీదే. ఆట నియమాలన్నీ నాకు కంఠతా వచ్చు. యాభై ఆరేళ్లు వచ్చినా ఎదురుగా ఒక్క ఆట చూడలేదు. ఆ సాయంత్రం ప్రార్థనలో ఈ మాటే విన్నవించుకున్నాను. తెల్లవారేసరికి మనసు తేలికగా ఉంది. వెళ్లమన్నట్టే అనిపించి చేతికర్ర, రెండు చీరలు సర్దుకున్నాను.

మదనపల్లె

షఫీ భార్య ముంతాజ్ నన్ను చూసిన మొదటి అరగంటలోనే నా మాట తీరు మీద నవ్వడం మొదలుపెట్టింది. నేను "వద్దండీ" అంటే తానూ "వద్దండీ" అని, పక్కింటావిడను పిలిచి నాచేత మళ్లీ అనిపించింది. "మీ అండీ బాగుండాదమ్మా, సెక్కర మాదిరి. మా మాటే మొరటు," అంది. మొరటని అన్న ఆ నోటితోనే నా పళ్లెంలో రాగిసంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి, నెయ్యి పోసి, శనగవిత్తనాల పచ్చడి, వాళ్ల మాటలో ఊరిబిండి, పక్కన వేసింది. మాకు మూడు పూటలా అన్నమే. ముద్ద నమలకూడదని, తుంచి మింగాలని నాకు తెలియదు. నేను నములుతుంటే, "గేదె నెమరేసినట్టు యాల నములుతారమ్మా! జారిపోనీండి," అని మళ్లీ నవ్వింది. ఆ ఇంటి అన్నం నా ఒంటికి పట్టింది. ఆ చేతులు చల్లగా ఉండాలి.

పొద్దున్నే షఫీ మండీకి తీసుకెళ్లాడు. మా దగ్గర టమాటా కిలోల్లో పలుకుతుంది, అక్కడ బాక్సుల్లో. పది రూపాయల టీ మొదటి గుక్కకూ చివరి గుక్కకూ మధ్య బాక్సు ధర మూడుసార్లు మారడం నా కళ్లతో చూశాను. అక్కడే హమాలీల మేస్త్రి రెడ్డెప్పగారిని పరిచయం చేశాడు. ఆయనే లీగుకు పెద్ద. పెద్దంటే కుర్చీ వేసుకుని కూర్చునే పెద్ద కాదు. కుడి మోకాలు కొంచెం ఈడ్చుకుంటూ లారీల మధ్య తిరుగుతూనే ఉన్నారు. ఆ నడక, నా నడక చూసి, "మనిద్దరం ఒక టీములో ఆడచ్చమ్మా," అన్నారు. అప్పుడే ఆయన మీద గురి కుదిరింది.

"ఈ ఆట వానకు పుట్టిందమ్మా," అని మొదలుపెట్టారు. "గ్రౌండులో ఆడుకునేటోళ్లం. ఒక ఏడు వాన ఇడవలేదు. షెడ్డులోకి వస్తిమి. బంతి లారీల కింద దూరకుండా సుట్టూ ఖాళీ బాక్సులు పేరిస్తిమి. బాక్సుకు తగిలి బంతి మళ్లా లోపలికే వచ్చె. అది ఔటు గాదు, ఆడచ్చు అని పెట్టుకుంటిమి. ఇప్పటికీ అదే రూలు. పక్కకు అయిదు మంది, సుట్టూ బాక్సుల గోడ."

"మరి జీతమెందుకు పెట్టారండీ?"

ఆయన మోకాలు తట్టి చూపించారు. "కుళ్లిన టమాటా మీద కాలేసి జారితి. మూణ్ణెల్లు మూట ఎత్తలేదు. మూట ఎత్తకపోతే కూలి యాడిది? మంచంలో పండుకోని ఆలోచన చేస్తిని. మనం ఆడతాంటే జనం ఎగబడి సూస్తాండారు. సూసేటోళ్లు టికెట్టు గొంటే, దెబ్బ తగిలినోడి ఇల్లు గడస్తాది గదా అని. జీతమంటే ఆటగాడికి గొప్ప అనుకుంటారు బయటోళ్లు. గొప్ప గాదమ్మా. ధైర్యం."

ఈ మాట నన్ను ఆ రోజంతా వదల్లేదు. డబ్బు కోసం ఆడితే ఆటలో పవిత్రత పోతుందని మా నాన్నగారు అనేవారు. ఆయనకు నెలనెలా ప్రభుత్వ జీతం వచ్చేదని, పడితే లేపే చెయ్యి ఆయన వెనక ఉండేదని ఇన్నేళ్లకు నాకు తోచింది.

మొదట మూడు ఊళ్లు, పది రూపాయల టికెట్టు. ఇప్పుడు ఆరు ఊళ్లు, ఎనభై రూపాయలు. కురబలకోట నుంచి, పెద్దతిప్పసముద్రం నుంచి ఉద్యోగాలు చేసుకునే పిల్లలు బైకుల మీద వచ్చి చూస్తారు. వాళ్ల తండ్రులు ఒకప్పుడు ఇదే మండీలో మూటలు మోసినవాళ్లు. పోనుపోను నియమాలూ పెరిగాయి. ఒక ఊళ్లో షెడ్డు ఓనరు, సగం ఆట అయ్యాక పెళ్లివాళ్లు వచ్చారని ఆటగాళ్లను బయటికి పంపేశాడట. పెళ్లికొడుకు గోలుపోస్టు కింద నుంచే మంటపానికి వెళ్లాడట. ఆ నవ్వులాట అయ్యాక, సొంత హాలు లేని ఊరికి లీగులో జట్టు ఉండదని రాసుకున్నారు.

ఇది చెబుతుండగానే రెడ్డెప్పగారి ఫోను మోగింది. "ముగ్గురు పడినారా? గోలీ సెయ్యి యట్లుండాది?" అని అడిగి, చాలాసేపు విని పెట్టేశారు. నవ్వు పోయింది ముఖంలో. కుప్పంవాళ్లు ఫైనలు కోసం కొత్త హాలు కట్టుకున్నారు. మంగళవారం పుంగనూరు జట్టుతో అక్కడ ఆడి చూస్తే నేల జారుతోందట. ఆ రోజు చెయ్యి విరిగిన పుంగనూరు గోల్‌కీపరుకు నెల పైన కట్టు ఉంచాలని డాక్టరు తేల్చాడట.

"నేల బాగలేకపోతే ఫైనలు బెంగళూరికి పోతాది," అన్నారు రెడ్డెప్పగారు. "హాలు పనికిరాదని నేను రాస్తే, మన రూలు ప్రకారం కుప్పానికి వచ్చే ఏడు జట్టే ఉండదు. రాయాల్సినోడిని నేనే."

పుంగనూరు

పుంగనూరు జట్టు ఆడేది పాత చింతపండు గోడౌనులో. గుమ్మం దాటక ముందే నోట్లో నీళ్లూరతాయి. మదనపల్లెకూ పుంగనూరుకూ ఆ రోజు సెమీఫైనలు. కూర్చోవడానికి చోటు కోసం చూస్తే మూలన మెత్తని మూట కనిపించింది. హాయిగా కూర్చున్నాను. ఆట మొదలవుతుందని లేవబోతే చీర రానంది. చింతపండు మూట! ఇద్దరు ఆడవాళ్లు నన్ను చెరో పక్కా పట్టుకుని ఊడదీశారు. "ఈడ కూర్చుంటే పుంగనూరు ఇడిసిపెట్టదు మేయ్," అంది వాళ్లలో ఒకామె. పులుపు మరక ఇంకా ఆ చీర మీద ఉంది. ఉతికి పోగొట్టడం నాకిష్టం లేదు.

ఆట మొదలయ్యే ముందు పదిమంది ఆటగాళ్లూ నిమిషం సేపు ఎవరి దేవుణ్ణి వాళ్లు తలుచుకున్నారు. ఒకడు నేలకు చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు, ఒకడు రెండు అరచేతులూ ముఖం మీద నిమురుకున్నాడు, ఒకడు మెడలో శిలువను ముద్దు పెట్టుకున్నాడు. నేనూ కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పాలో తెలియదు. మదనపల్లె కుర్రవాడొకడు గోలు వైపు కొట్టకుండా పక్కనున్న బాక్సుల గోడకేసి వాలుగా కొట్టాడు. అది ఎక్కడికి తిరిగొస్తుందో బంతి గోడకు తగలకముందే నాకు తెలిసిపోయింది. సరిగ్గా అక్కడికే వచ్చింది. అక్కడ వాడి జతగాడు నిలబడి ఉన్నాడు. గోలు! మా నాన్నగారి సుద్దముక్క గీత యాభై ఏళ్ల తర్వాత నా కళ్ల ముందు పరుగెత్తింది. పక్కనున్నవాళ్లు నేను మదనపల్లె మనిషిననుకున్నారు, అంతగా ఏడ్చాను.

"ఏం ఏడ్పమ్మా, గోలు కొట్టింది మీరే గదా," అన్నాడు నా పక్కన కూర్చున్న మనిషి. కుడిచేతికి మోచేయి దాకా తెల్లకట్టు. కుప్పంలో పడ్డ గోల్‌కీపరు గంగాధర అతనే. చింతకాయ గుల్ల కొట్టి, గింజ తీసే పని చేస్తూ ఈ జట్టులోకి వచ్చాడు. తన బదులు ఆడుతున్న కొత్త గోలీ వేలి సందుల్లోంచి బంతి పోయినప్పుడల్లా ఇతని ఎడంచెయ్యి ఎగిరిపడుతోంది.

"నొప్పి తగ్గిందా నాయనా?"

"నొప్పిదేముందమ్మా. లీగు జీతం ఇస్తాండాది, ఇంట్లో జరుగుబాటుకు లోటు లేదు. ముద్ద తినేదే కష్టం. మా ఆడమనిషి కలిపి పెడతాది. మూడు నెలల బిడ్డా, నేనూ ఇద్దరమూ ఆమె ముందర నోరు తెరుసుకోని కూర్చుంటాండాం."

నాకు నవ్వాగలేదు. కుప్పం నేల ఎలా ఉంటుందని అడిగాను.

"అడుగు పెట్టబుద్ధి కాదమ్మా, అంత బాగుండాది. అద్దమే. పడే ముందర నా మొగం నేను సూసుకుంటి."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. కుప్పం గ్రానైటు ఊరు. బండలు కోసేవాళ్లు, పాలిష్ పట్టేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. మొన్నటిదాకా వాళ్ల జట్టు అద్దె షెడ్డులో ఆడింది. సొంత హాలు కావాలనేసరికి పాలిష్ పనివాళ్లంతా కూలి తీసుకోకుండా నల్లబండ పరిచారట. మిగతా ఊళ్లు సిమెంటు నేలతో సరిపెట్టుకుంటే, తమ ఊరి పనితనం తమ ఊరి నేలలోనే కనిపించాలని చివరి మెరుపుదాకా రుద్దారట. ఆ చివరి పాలిష్ ఒక్క మనిషి పట్టాడు. పేరు మునిరత్నం.

"ఆయన మీద కోపంగా లేదూ?"

"ఎట్ల కోప్పడేదమ్మా? మాకు మంచిది ఇయ్యల్లనే గదా జేసినాడు."

పుంగనూరులో ఓడినవాళ్లే గెలిచినవాళ్లకు మజ్జిగ పోస్తారు. మా వైపు గెలిచినవాళ్లు మిఠాయి పంచుతారు, ఓడినవాళ్లు తలుపు వేసుకుంటారు. గంగాధర ఎడంచేత్తో చెంబు పట్టుకుని ఒక్కొక్కరికీ పోస్తుంటే, ఒలికింది ఎక్కువో తాగింది ఎక్కువో తెలియలేదు. ఎవరూ ఆ చెంబు అతని చేతిలోంచి తీసుకోలేదు.

కుప్పం, శనివారం

రెడ్డెప్పగారి జీపులోనే గంగాధర, నేను కుప్పం చేరాం. హాలు ఊరి చివర, రేకుల కప్పు. లోపలికి తొంగిచూసి ఆగిపోయాను. పైన ఉన్న లైట్లన్నీ కింద కూడా ఉన్నాయి. చెరువు మీద కొత్త చంద్రులు తేలుతున్నట్టుంది. చేతికర్ర గుమ్మంలో మోపానో లేదో సర్రున పోయింది. రెడ్డెప్పగారు రెక్క పట్టుకోకపోతే నేనూ నా మొగం చూసుకునేదాన్నే.

హాలు మధ్యలో పంచె మోకాళ్ల పైకి కట్టుకుని ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. చుట్టూ పది పదిహేనుమంది పనివాళ్లు, జట్టు పిల్లలు. ఆయనే మునిరత్నం. సాయంత్రం అయిదింటికల్లా బెంగళూరు హాలువాళ్లకు ఏదో ఒకటి చెప్పాలని రెడ్డెప్పగారు అందరికీ వినబడేట్టు చెప్పారు.

"కార్పెట్టు పరుద్దామాప్పా?" అన్నారెవరో.

"ముడత పడి కాలు తట్టుకుంటాది," అన్నారు రెడ్డెప్పగారు.

"మా ఊరి సింతపులుసు సల్లండి. యవుడూ జారడు, యవుడూ కదలడు గూడా," అన్నాడు గంగాధర. అందరూ నవ్వారు, మునిరత్నంగారు తప్ప.

"మెరుపు తీసేయల్ల, అంతే గదా మీరనేది?" అన్నారాయన తల ఎత్తకుండా. "నలభై ఏండ్లు రాయి రుద్దినా. ఇంకా మెరవల్ల అనినోళ్లే గానీ, తీసెయ్యి అనినోడు ఒక్కడు లేడు. ఇది నా సేతి పనుల్లో పెద్దది. మా ఊరోళ్ల కోసం జేసింది ఇదొక్కటే. తక్కినయ్యన్నీ యాడెవరి ఇండ్లల్లోకో పోయినాయి, ఒక్కటీ మళ్లా సూడలే."

రెడ్డెప్పగారు బలవంతం చెయ్యలేదు. మునిరత్నంగారే తల ఎత్తి అడిగారు, "యవురుప్పా పడిండేది?"

"నేనే సామీ," అన్నాడు గంగాధర.

దగ్గరికి రమ్మని సైగ చేశారు. గంగాధర జారకుండా చిన్నచిన్న అడుగులు వేస్తూ వెళ్లి ఎదురుగా కూర్చున్నాడు. మునిరత్నంగారు ఆ కట్టు చేతిని తన ఒళ్లో పెట్టుకున్నారు. "ఏం పని నీది?"

"సింతపండు కొట్టే పని."

"కుడిసెయ్యే గదా?"

"కుడే."

ఆయన తన చేతులు చూసుకున్నారు. రాయి, నీళ్లు కలిసి గోళ్లన్నీ అరిగిపోయి ఉన్నాయి. వేళ్ల కొసలు నున్నగా, గీతలే లేకుండా. తర్వాత రెడ్డెప్పగారి మోకాలు వైపు చూసి, "నీదీ ఇట్లే పోయిందంట గదప్పా?" అన్నారు.

"అవునప్పా. టమాటా మీద."

మునిరత్నంగారు లేచారు. "రాయి తీసకరాండ్రా. మెత్తంది గాదు, గరుకుది. మొదటి బండ నేనే రుద్దతా. అంతదాకా యవురూ మిషను ముట్టద్దు."

పాలిష్ పట్టడమంటే గరుకు రాయితో మొదలుపెట్టి మెత్తని రాయి దాకా వెళ్లడమట. ఆ రోజు ఆయన చివరి నుంచి మొదటికి నడిచారు. మిషను ముందుకు సాగిన కొద్దీ అద్దం మీద ఆవిరి పట్టినట్టు ఆ మెరుపు ఆరిపోతూ వచ్చింది. మొదటి బండ అయ్యాక మిషను ఆపి, అరచేత్తో తడిమి, "ఊ," అన్నారు. అప్పుడు తక్కిన మిషన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. రెడ్డెప్పగారు బయటికి వెళ్లి బెంగళూరికి ఫోను చేసి, హాలు అక్కర్లేదని చెప్పేశారు. నేల ఇంకా తొంభై పాళ్లు మెరుస్తూనే ఉంది. ఆ ధైర్యానికి నాకు భయం వేసింది.

కబురు తెలిసి వేరే వర్క్‌షాపుల నుంచీ మనుషులు వచ్చారు. ఆడవాళ్లు బూడిదరంగు బురదను రబ్బరు కర్రలతో బయటికి తోశారు. నేను చేయగలిగింది గ్లాసుల్లో టీ పోయడం. పోసిన ప్రతి గ్లాసుతో ఒక చిన్న ప్రార్థన కూడా ఇచ్చానని వాళ్లకు తెలియదు. దీపాలు పెట్టే వేళకు ఆపి, మళ్లీ కోడికూతకు మొదలుపెట్టారు.

కుప్పం, ఆదివారం

పదింటికి ఒక్క బండ మిగిలింది, స్కోరు రాసే బల్ల దగ్గరది. మునిరత్నంగారు మిషను ఆపి రెడ్డెప్పగారి దగ్గరికొచ్చారు.

"అప్పా, ఒకటి అడగతా. ఇది బాక్సుల గోడకు అవతల ఉండాది. ఈడ యవురూ ఆడరు. ఈ ఒక్కటీ ఇట్లే ఇడిసిపెట్టచ్చునా?"

రెడ్డెప్పగారు అడుగులు వేసి కొలిచారు. బల్ల దాని మీదికి జరిపించారు. "ఉండనీప్పా," అన్నారు. "ఇంగ ఆడి సూడల్ల. మొదట నువ్వే ఉరుకు."

"నేనా? ఈ వయసులోనా?"

"పడితే జీతమిస్తాం లే."

మునిరత్నంగారు పంచె ఎగగట్టి, ఆరిన నేల మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికారు. గోలు ముందు ఒక్కసారి ఆగి, గిర్రున తిరిగారు. జారలేదు. జట్టు పిల్లలు వేసిన ఈలలకు రేకులు మోగాయి. ఆయన సిగ్గుపడి పంచె దించుకున్నారు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. మదనపల్లెకూ కుప్పానికీ ఫైనలు. నా చోటు స్కోరు బల్ల పక్కనే. మునిరత్నంగారు కుర్చీ ఇచ్చినా వద్దని నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నారు. మూడు మూడు గోల్స్ దగ్గర ఆట బిగిసింది. జనమంతా బంతిని చూస్తున్నారు, ఆయన కాళ్లనే చూస్తున్నారు. కుప్పం పిల్లవాడొకడు పరుగులో ఉన్నవాడల్లా హఠాత్తుగా పక్కకు తిరిగినప్పుడు, ఆయన కళ్లు గట్టిగా మూసుకోవడం చూశాను. తెరిచేసరికి పిల్లవాడు నిలబడే ఉన్నాడు, బంతి వాడి కాలి దగ్గరే ఉంది.

"గోలు చూడరా?" అన్నాను.

"యవురు కొడితే నాకేమమ్మా," అన్నారు. "ఇంటికి నడిసిపోతే సాలు."

చివరి నిమిషంలో మదనపల్లె గెలిచింది. కుప్పం పిల్లలు తలలు దించుకున్నా వచ్చే ఏడు వాళ్ల జట్టు ఉంటుంది, వాళ్ల హాలు ఉంటుంది. పదిమందీ తమ కాళ్ల మీద నడుచుకుంటూ బయటికి వెళ్లారు. రెడ్డెప్పగారు అప్పటికే హాలు సరిపోతుందని కాగితం మీద రాసి సంతకం పెట్టేశారు. మైకులో ఎవరో అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. లైట్లవాళ్లకు, టికెట్టు కౌంటరువాళ్లకు, టీ పోసినవాళ్లకు కూడా. నేల గురించి ఎవరికీ గుర్తు రాలేదు. జారితే గుర్తొచ్చేదేమో.

నేను చెయ్యెత్తి చెప్పబోయాను. మునిరత్నంగారు వద్దన్నట్టు తలూపారు. జనం తగ్గాక బల్ల కిందికి వంగి, భుజం మీది తువ్వాలుతో ఆ ఒక్క బండను తుడుచుకున్నారు. ఎవరిదో చెప్పు గుర్తు పడి ఉంది దాని మీద. అది పోయేదాకా తుడిచి, ముఖం ఒకసారి చూసుకుని లేచారు.

షఫీ లారీలోనే బాపట్ల తిరిగి వచ్చాను. ఆదరించిన ప్రతి ఇంటికీ, పట్టుకున్న ప్రతి చేతికీ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మిగిలినవాళ్లందరి మాటా మైకులో వినపడింది. ఒక్క పేరు మాత్రం అక్కడ వినపడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. మీరు ఎక్కడైనా, ఏ ఆటైనా చూస్తున్నప్పుడు పరుగెత్తిన మనిషి హఠాత్తుగా తిరిగి, పడకుండా నిలబడితే, చప్పట్లు కొట్టే ముందు ఒక్క క్షణం కుప్పం మునిరత్నంగారిని తలుచుకోండి.